దర్వాజ దాటిన లారీ ఇల్లు

మొన్న చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు మీద, నా మనవడు నడుపుతున్న చాయ్ హోటలు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటే, ఒక తెల్లటి పెద్ద బండి వచ్చి ఆగింది. అందులోంచి ఒక పడుచు జంట దిగారు. ఆ అమ్మాయి తలుపు పక్కన ఏదో మీట నొక్కగానే బండి పైకప్పు సన్నగా మూలుగుతూ లేచి నిలబడింది, కప్పుకీ గోడలకీ నడుమ గుడ్డ తెర సాగింది. లోపల చాయ్ తాగుతున్న లారీ డ్రైవర్లు గ్లాసులు పట్టుకునే బయటికొచ్చి నోళ్ళు తెరుచుకుని చూశారు. మనవడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, చూశావా నానమ్మా, ఇలాంటివి మన దేశంలో ఇప్పుడిప్పుడే వస్తున్నాయట అని సంబరపడ్డాడు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనుకే ఒళ్ళు మండింది. వాడి తాత అరవైల్లోనే, ఈ జహీరాబాదులోనే, ఒక పాత లారీ మీద ఇలాంటి లేచే కప్పు కట్టాడని వాడికి తెలియదు. తెలియకపోవడం వాడి తప్పు కాదు, మేమెవరమూ చెప్పలేదు. ఆ కప్పు సంగతి చెప్పాలంటే అది ఎందుకు కట్టాల్సి వచ్చిందో చెప్పాలి, అది చెప్పాలంటే మా ఇంట్లో ఎవరు ఎవరిని ఎట్లా కొట్టారో చెప్పాలి. నా ఈడు వాళ్ళు చదువుతారన్న ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను. ఆ కాలపు ఇళ్ళు మీకు తెలుసు గనక మీరు ముక్కు మీద వేలేసుకోరు.

నేను యాభైల చివర్లో కోడలిగా ఈ ఊరొచ్చాను. అత్తవారిల్లు ఊరి చివర, చుట్టూ ఎత్తైన రాతి ప్రహరీ, లోపల విశాలమైన వాకిలి, పశువుల కొట్టం, బయటికి పోవడానికి ఒకే ఒక్క రాతి కమాను ద్వారం. దాన్ని అందరమూ దర్వాజ అనేవాళ్ళం. అల్లం, చెరకు పండించే ఇల్లు, బెల్లం వండే ఇల్లు, తిండికి లోటు లేని ఇల్లు అని చెప్పి మా నాన్న నన్నిచ్చాడు. తిండికి లోటు లేని మాట నిజమే, దెబ్బలకు అంతకన్నా లోటు లేదు. మామగారు పోయాక పెత్తనమంతా మా ఆయన అన్నకు, అంటే మా బావకు వచ్చింది. బావగారు అని రాయాలని నాకూ తెలుసు గానీ ఆ 'గారు' ఎప్పుడో ఊడిపోయింది, ఎప్పుడన్నది ముందు ముందు మీకే తెలుస్తుంది. బావ చేతిలో ఎప్పుడూ ఎడ్లను తోలే ముల్లుగర్ర ఉండేది. దానితో ఎడ్లను ఎంత కొట్టేవాడో మనుషులనూ అంతే కొట్టేవాడు. అన్నంలో ఉప్పు తక్కువైతే ఒక దెబ్బ, ఎక్కువైతే రెండు, సరిగ్గా కుదిరితే నిన్న ఎందుకు కుదరలేదని ఒకటి. పశువులకు మేత వేసినంత మామూలుగా పొద్దున్నే ఆ ఇంట్లో దెబ్బలు పడేవి, పనివాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు కారు.

ఎక్కువ దెబ్బలు తిన్నది మా యారాలు, బావ పెళ్ళాం. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద, నేను అక్కా అనేదాన్ని. నేను కాపురానికి రాకముందే ఆమె కడుపుతో ఉండగా బావ తన్నిన తన్నుకు బిడ్డ పోయిందట, ఆ తర్వాత మళ్ళీ నిలవలేదట, నిలవనందుకు కూడా తన్నులు ఆమెకే. ఆమె వీపు మీద వాతలు నేను స్నానానికి నీళ్ళు పోస్తూ చూశాను. ఏడ్చేది కాదు. దెబ్బ పడేటప్పుడు చేతిలో ఏ పని ఉంటే ఆ పని చేస్తూనే ఉండేది, బియ్యం చెరుగుతుంటే చెరుగుతూనే ఉండేది. నాకు మాత్రం అంత ఓర్పు దేవుడివ్వలేదు. మా ఆయన కూడా ఆ ఇంటి బిడ్డే గనక మొదటి ఏడాది ఒకసారి నా మీద చెయ్యెత్తాడు. నేను రోకలి ఎత్తాను. ఇద్దరం ఎత్తినవి ఎత్తినట్టే పట్టుకుని కాసేపు ఒకరినొకరం చూసుకున్నాం, ముందు ఆయనకే నవ్వొచ్చింది. ఆ తరువాత బతికినన్నాళ్ళూ నా మీద చెయ్యి వెయ్యలేదు.

మా ఆయన స్వభావం ఇంజన్ల స్వభావం. ఆ రోజుల్లో బావుల మీద ఆయిలింజన్లు కొత్తగా దిగుతున్నాయి, దిగినంత తొందరగా చెడిపోతున్నాయి. ఈయన చెవి పెట్టి విని జబ్బు చెప్పేవాడు. న్యాల్‌కల్ దాకా రైతులు బండి కట్టి పంపి పిలిపించుకునేవాళ్ళు. ఆ పని మీదనే బతకగలమని, తన భాగం తనకు పంచిస్తే వేరుపడతామని ఒక రోజు అన్నను అడిగాడు. బెల్లం వండే కాలం అది. గానుగ తిప్పే ఇంజను ఆగిపోతే దాని మీద వంగి, కుడిచెయ్యి ఇనప దిమ్మ మీద ఆనించి బాగు చేస్తూనే అడిగాడు, అంత మెత్తటి మనిషి. నేను అన్నం గంప దింపుతున్నాను. బావ పక్కనున్న గడ్డపార అందుకుని, "భాగమా? గీ చేతికి గావాల్నా భాగం?" అని ఒక్కటే దెబ్బ వేశాడు.

ఇనుము మీద ఇనుము పడిన మోతలో, మధ్యన నలిగిన చెయ్యి చప్పుడు కూడా నాకు వినపడింది. నేను గంప వదిలేసి బావ ముంజేయి మీద పడి కొరికాను, నోట్లోకి రక్తం వచ్చేదాకా కొరికాను. ఆయన నన్ను విదిలించి బెల్లం పొయ్యి వైపు విసిరేశాడు, కాలే పెనం అంచు నా భుజానికి తగిలి చర్మం ఊడింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. జహీరాబాదు దవాఖానలో కట్టు కట్టి, మా వల్ల కాదు పట్నం తీసుకుపొమ్మన్నారు. పట్నంలో మూడు వేళ్ళు తీసేశారు. బొటనవేలు, చిటికెన వేలు మిగిలాయి, వాటి మధ్యన ముడుచుకుపోయిన అరచెయ్యి.

పోలీసులకు చెప్పనివ్వలేదు. ఇంటి గుట్టు రోడ్డుకెక్కుతుందని పెద్దమనుషులు మా అరుగు మీదనే కూర్చుని తీర్పు చెప్పారు. ఒంటిచేతివాడు సేద్యం చెయ్యలేడు కాబట్టి భూమి పెద్దవాడి కింద ఉండటమే మేలని, చిన్నవాడికి మామగారు ఎప్పుడో మిలిటరీ వేలంలో కొన్న లారీ, రిపేరు సామానూ ఇవ్వాలని, లారీ కదిలేదాకా మేం పశువుల కొట్టంలో ఉండవచ్చని, వచ్చే ఏటి ఉగాదిలోగా దర్వాజ దాటినదంతా మాదని, దాటనిది ఇంటిదని. ఈ చివరి మాట పెట్టించింది బావే. ఆ లారీకి టైర్లు లేవు, ఇంజను పట్టేసి ఉంది, సీటులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. అది కదలదని ఆయన ధైర్యం. కన్నతల్లి, అంటే మా అత్తమ్మ, స్తంభానికి ఆనుకుని చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆమె బీదరు పక్క ఊరి మనిషి, కోపమొస్తే కన్నడంలో తిట్టేది. ఆ రోజు ఏ భాషలోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

లారీని ఇల్లు చేద్దామన్నది నేనే. దర్వాజ దాటాక ఎక్కడ తల దాచుకోవాలి, ఎవరి ఇంట్లో అద్దెకుంటే ఎవరు బతకనిస్తారు, ఊరూరా తిరిగి ఇంజన్లు బాగు చేసే మనిషికి ఊరూరా తిరిగే ఇల్లే ఉంటే సరిపోదా అన్నాను. మా ఆయన ఎడమచేతిలో బొగ్గు ముక్క పట్టుకుని కొట్టం గోడ మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. వంకర గీతలే, అయినా చెయ్యి పోయాక ఆయన ముఖంలో వెలుగు చూసింది నేను అప్పుడే. అడ్డంకి ఒకటే, దర్వాజ కమాను ఎత్తు చాలదు. మనిషి నిలబడేంత ఎత్తున ఇల్లు కడితే లారీ బయటికి రాదు, వచ్చేంత పొట్టిగా కడితే లోపల గొంతుక్కూర్చుని బతకాలి. అందుకే గోడలు పొట్టిగా, కప్పు విడిగా కట్టి, బయటికి పోయాక కప్పును పైకి లేపుకునే ఆలోచన చేశాడు. నాలుగు మూలలా నలుగురు మగాళ్ళు ఒకేసారి ఎత్తితే గానీ లేవని రేకుల కప్పు అది. మాకున్నదేమో ఒక ఆడదాని చేతులు రెండు, ఆయన ఎడమచెయ్యి ఒకటి. కాబట్టి మోటారు పెట్టాల్సి వచ్చింది. సరదాకో, గొప్పకో పెట్టింది కాదు, ఆ గడ్డపార దెబ్బే మా ఇంట్లోకి మోటారు తెచ్చింది.

దానికి కావలసినవన్నీ తెచ్చిపెట్టింది మా మేనమామ. బొంబాయి రోడ్డు మీద లారీ తోలేవాడు, నన్ను ఎత్తుకుని పెంచినవాడు, నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే ఆయనను చూపిస్తే చాలు. ఆయన ఒక్కో ట్రిప్పులో ఒక్కో సరుకు తెచ్చేవాడు. ఒకసారి తుక్కులో దొరికిన జీపు స్టార్టరు మోటారు, ఇంకోసారి లారీలను ఎత్తే స్క్రూ జాకీలు, మరోసారి గోనెసంచి నిండా సైకిలు చైన్లు. నాలుగు మూలలా నాలుగు జాకీలు బిగించి, వాటన్నిటినీ చైన్లతో ఒకే ఇరుసుకు కలిపి, ఆ ఇరుసును మోటారుతో తిప్పితే నాలుగు మూలలూ ఒకేసారి లేస్తాయి. చెప్పడానికి ఇంతే, చేసేటప్పుడు మాత్రం ఏడాది ప్రాణాలు తోడేసింది. రంధ్రాలు పొడిచింది నేను, ఇనుము కోసింది నేను, ఎక్కడ పొడవాలో ఎంత కొయ్యాలో చెప్పింది ఆయన. మిగిలిన ఆ రెండు వేళ్ళ మధ్య మేకు ఇరికించి పట్టుకునేవాడు, నేను సుత్తి వేసేదాన్ని. మొదట్లో నా సుత్తి ఆ వేళ్ళ మీద పడుతుందేమోనని నేను కళ్ళు మూసుకుంటే, కళ్ళు మూసుకుంటేనే పడుతుందని నవ్వేవాడు.

బావ ఊరికే చూస్తూ కూర్చోలేదు. మొదట మేం కప్పు చట్రం కర్రతో చేశాం. ఒక మధ్యాహ్నం మేమిద్దరం బజారుకు పోయి వచ్చేసరికి వాకిట్లో పొగ. ఆరబెట్టిన చట్రమంతా కుప్పేసి కిరసనాయిలు పోసి తగలబెట్టాడు. నీళ్ళు తెచ్చి చల్లబోయిన మా యారాలిని ఆ బొక్కెనతోనే కొట్టాడు, నుదురు చీలి ఆమె ముఖమంతా రక్తంగా ఉంది. నేను ఆ మంటలోంచి ఒక కాలుతున్న వాసం లాగి బావ వీపున బాదాను. ఆయన తిరిగి నా గొంతు పట్టుకున్నాడు. కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయనగా, సామాను దింపడానికి వచ్చిన మా మేనమామ లారీని స్టార్టు చేసే ఇనప హ్యాండిలుతో బావ నెత్తి మీద కొట్టాడు. బావ పడ్డాడు, లేచాడు, ఇద్దరూ బూడిదలో పొర్లి పొర్లి కొట్టుకున్నారు. పనివాళ్ళు విడదీసేసరికి మామకు ఒక పన్ను లేదు, బావకు చెవి తమ్మె సగం లేదు. పెద్దమనుషులు వచ్చి రెండు వైపులా చీవాట్లు పెట్టి చాయ్ తాగి పోయారు. చట్రం ఇనుముతో మళ్ళీ మొదలుపెట్టాం.

యంత్రం కూడా మమ్మల్ని తక్కువ కొట్టలేదు. మొదటిసారి మోటారు తిప్పిన రోజు ఒక మూల చైను జారింది, మూడు మూలలు లేచాయి, నాలుగోది లేవలేదు. కప్పు మెలితిరిగి పెద్ద మోతతో ఒక రేకు ఊడి వచ్చి నా మోకాలి కింద కోసుకుపోయింది, కోళ్ళు ప్రహరీ దాటి ఎగిరిపోయాయి. నేను కాలు పట్టుకుని యంత్రాన్ని, దాన్ని కనిపెట్టినవాణ్ణి, వాణ్ణి కట్టబెట్టిన మా నాన్నను వరసగా తిట్టాను. మా ఆయన మాత్రం మూడు మూలలు లేచాయి కదా అని ముచ్చటపడుతూ కూర్చున్నాడు. చలికాలం పోయేసరికి నాలుగూ లేచాయి. లోపల తలుపు పక్కన స్విచ్చు పెట్టాడు, పైకి ఒక వైపు, కిందికి ఒక వైపు. నెమ్మదిగా లేచేది, అంతకన్నా నెమ్మదిగా దిగేది. దాన్ని తిప్పే పని నాదే అయింది. ఆ కప్పు లేస్తున్నప్పుడు కింద నిలబడి తల వంచకుండా పైకి చూడటం ఎంత బాగుండేదో ఏమని చెప్పను.

ఉగాది దగ్గర పడింది. లారీ నడుస్తోంది, టైర్లు వచ్చాయి, కప్పు దించి కమానుకు కర్రతో కొలిస్తే నాలుగు వేళ్ళ సందు మిగులుతోంది. పెద్దమనుషులకు కబురు పెట్టి, ఒక మంచి రోజు పొద్దున బయల్దేరడానికి సిద్ధమయ్యాం. అప్పుడు అత్తమ్మ నోరు విప్పింది. ఏడాదిగా ఎవరి వైపూ మాట్లాడని మనిషి ఇత్తడి గిన్నెలో పాలు తెచ్చి లారీ ముందు నిలబడి, "ఇల్లన్నంక పాలు పొంగకుంట సామాన్ పెడ్తరా?" అంది. కొత్తింట్లోకి వట్టి చేతులతో పోవాలి, ముందు పాలు పొంగాలి, తరవాతే సామాను. ఆమె అన్నదాంట్లో మాకు తప్పేమీ కనపడలేదు, పైగా ఆమె నోటి నుంచి దాన్ని ఇల్లు అన్నందుకు నాకు కన్నీళ్ళు వచ్చాయి. లోపలున్న ఇనుము సాగగొట్టే దాగలి, డ్రిల్లు మిషను, ఇనప పెట్టెలు, ఇంజను భాగాలు, వంట సామాను, అన్నీ దించి వాకిట్లో పెట్టాం. మూడు రాళ్ళ పొయ్యి లోపల పేర్చి, వంగి కూర్చుని పాలు పొంగించాం. పొయ్యి ఆర్పి దించి, మంచి ఘడియ పోకముందే బయటపడాలని, దర్వాజ దాటగానే సామాను ఎక్కిద్దామని మా మేనమామ లారీ ముందుకు పోనిచ్చాడు.

ముందు భాగం దాటింది. ఇంటి కప్పు కమాను కిందికి వచ్చిందో లేదో గరగరమని రేకు చీలే చప్పుడు, లారీ ఆగిపోయింది. రాతి దూలానికి కప్పు అంచు పట్టేసింది. సగం రోడ్డు మీద, సగం వాకిట్లో, ముందుకీ కదలదు, వెనక్కీ కదలదు. అందరికన్నా ముందు మా ఆయనకు అర్థమైంది. మేం కొలిచినన్నాళ్ళూ లోపల అంత ఇనుము ఉంది, దాని బరువుకు లారీ కింది స్ప్రింగు పట్టీలు కుంగి ఉన్నాయి. ఇల్లని మర్యాద చేసి ఖాళీ చేశాం, పట్టీలు లేచాయి, లారీ పొడుగైంది. దాన్ని లారీ అనుకుని ఉంటే ఈ తిప్పలు వచ్చేవి కావు. సామాను మళ్ళీ ఎక్కిస్తే సరిపోయేది గానీ, అప్పటికే బావ గొడ్డలి తెచ్చి ఆ సామాను ముందు నిలబడ్డాడు. "దాటలే. దాటంది అంత నాది," అన్నాడు. పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, దాటలేదు నిజమే కదా అని గొణిగారు. ఆ మాటతో ఆయనకు బలమొచ్చి, ఇక ఇది నాదే అంటూ లారీ పక్క రేకును గొడ్డలితో నరకడం మొదలుపెట్టాడు. మేం ఏడాది కట్టిన గోడ నా కళ్ళ ముందే చీలిపోతోంది. అది పోతే మాకు కొట్టం కూడా లేదు.

బరువు కావాలి, ఏ బరువైతేనేం. అల్లం తవ్వడానికి వచ్చిన ఆడకూలీలు గోడ వారగా నిలబడి ఉన్నారు. ఎక్కండి, అందరూ ఎక్కండి అని అరిచాను. ఎవరూ కదలలేదు, గొడ్డలి పట్టుకున్న ఆసామి ముందు ఎవరు కదులుతారు. ముందు కదిలింది మా యారాలు. చేతిలో చాట పట్టుకునే నడిచి వచ్చి, మొగుణ్ణి దాటి, వెనక తలుపులోంచి లారీ ఎక్కి లోపల వంగి కూర్చుంది. ఆమె వెంట అత్తమ్మ కదిలింది. బావ మోచేత్తో నెడితే అత్తమ్మ రాళ్ళ మీద పడింది, లేచి కన్నడంలో వాళ్ళ వంశమంతటినీ తిడుతూ ఎక్కింది. ఆ తిట్లు విన్నాకే కాబోలు కూలీ ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ ఎక్కారు. ఒకామె వీపు మీద గొడ్డలి కామ పడింది, అయినా ఎక్కింది. నేనూ ఎక్కాను. అంతమందిమి చీకట్లో మోకాళ్ళకు గడ్డాలు ఆనించి, ఒకరి చెమట ఒకరికి పూసుకుంటూ కూర్చుంటే పట్టీలు కిర్రుమని కుంగాయి. మామ ఇంజను రంకె వేయించాడు, నెత్తి మీద రేకు గీరుకుపోయింది, పైనుంచి రాతి పెళ్ళలు రాలాయి. ఒక్కసారిగా లోపలికి వెలుతురొచ్చింది. రోడ్డు మీద ఉన్నాం.

ఊపిరాడక ఆడవాళ్ళు తోసుకుంటుంటే నేను స్విచ్చు వేసి కప్పు లేపాను. గోడకీ కప్పుకీ మధ్య గుడ్డ ఇంకా కట్టలేదు, నాలుగు వైపులా ఖాళీ. అందరూ నడుములు నిమురుకుంటూ లేచి నిలబడి, ఒక్కొక్కరే దిగిపోయారు. అత్తమ్మ దిగింది. మా యారాలు దిగలేదు. బావ రోడ్డు మీదికొచ్చి దిగమన్నాడు. ఆమె చాట ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడూ పైకి తేలని గొంతుతో, "నేను గుడ దర్వాజ దాటిన," అంది.

పెద్దమనుషుల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు బావకు పిచ్చెత్తింది. లారీ చక్రం మీదికెక్కి, గోడ మీది సందులోంచి చెయ్యి లోపలికి చాపి, ఆమె కొప్పు పట్టుకుని బయటికి లాగాడు. ఆమె తల వెళ్ళి గోడకు కొట్టుకుంది, మళ్ళీ లాగాడు, మళ్ళీ కొట్టుకుంది. నేను స్విచ్చు కిందికి నొక్కాను. కప్పు దిగడం మొదలుపెట్టింది. ముందే చెప్పాను, అది చాలా నెమ్మదిగా దిగుతుంది. దిగుతున్నది ఆయనకు కనపడుతూనే ఉంది, అందరికీ కనపడుతూనే ఉంది. కొప్పు వదిలేసి చెయ్యి తీసుకోవడానికి కావలసినంత సమయం ఉంది. ఆయన వదల్లేదు. నన్ను చూశాడు, నువ్వు ఆపుతావులే అన్నట్టు చూశాడు. నేను ఆపలేదు. గానుగ దగ్గరి ఇనప దిమ్మ నా కళ్ళ ముందుంది, ఆ చెయ్యి నుజ్జునుజ్జు కావాలని నేను నిండు మనసుతో కోరుకున్నాను. కప్పు అంచు మణికట్టు మీద దిగి నొక్కింది, బావ అరిచాడు, కొప్పు వదిలాడు. అప్పుడు లోపల ఎక్కడో టక్కుమని ఏదో విరిగింది. మోటారు వట్టిగా తిరుగుతోంది గానీ కప్పు ఇక దిగలేదు.

ఏం జరిగిందో నాకు తెలియలేదు. మా ఆయన పరుగెత్తుకొచ్చి లోపలికెక్కి, నన్ను పక్కకు జరిపి, మూలలో జాకీకి చేతి హ్యాండిలు తగిలించి ఎడమచేత్తో తిప్పసాగాడు. వేలెడు లేచింది, బావ చెయ్యి బయటికి జారింది. చర్మం లేచిపోయి, వాచి, నల్లబడి ఉంది గానీ ఒక్క ఎముకా విరగలేదు. బావ చెయ్యి చంకలో పెట్టుకుని రోడ్డు పక్కన కూలబడితే, ఇక ఎవరూ అడ్డం రాకుండా మా మేనమామ సామానంతా తెచ్చి ఎక్కించాడు. పెద్దమనుషులు మా వైపు చూడకుండా వెళ్ళిపోయారు.

సాయంత్రం న్యాల్‌కల్ దారిలో ఆగినప్పుడు మా ఆయన ఆ విరిగినదాన్ని తీసి చూపించాడు. సన్నటి ఇత్తడి చీల. కప్పును లేపే భాగమంతా ఉక్కుతో చేసి, దించే చోట మాత్రం మోటారుకీ ఇరుసుకీ మధ్య ఈ పల్చటి చీల బిగించాడట. కప్పు కింద ఏదన్నా ఇరుక్కుంటే ముందు చీల విరగాలని, ఇరుక్కున్నది విరగకూడదని. ఆ మాట నాకు చెప్పకుండా చేశాడు. నేను ఆ చీల ముక్కలు పొలంలోకి విసిరేశాను. నీ చెయ్యి తీసినవాడి చెయ్యి కాపాడటానికా ఏడాది నా చేత ఇనుము కోయించింది అని దారిన పోయేవాళ్ళు ఆగి చూసేలా అరిచాను. ఆయన పొలంలోకి పోయి ఆ ముక్కలు ఏరుకొచ్చి, "చెయ్యి నలిగితె ఎట్లుంటదో నాకెరుక. ఎవనిదైన గంతే," అన్నాడు.

ఆ తరువాత చాలా ఏళ్ళు ఆ లారీ ఇంట్లోనే బతికాం. బావి నుంచి బావికి, ఊరి నుంచి ఊరికి. మా యారాలు మాతోనే ఉండిపోయింది. దాని మీద జనం అననివి లేవు. అన్నవాళ్ళను నేను ఊరకే వదిలిందీ లేదు. నా పిల్లలు ఆ కప్పు కింద పుట్టారు, వాళ్ళను పెంచింది ఆమే. బావకు చెయ్యి పూర్తిగా నయమైంది. మరుసటి ఏడు ఆ చేత్తోనే ఒక జీతగాడి పళ్ళు రాలగొట్టాడు. ఆ వార్త తెలిసిన రోజు నేను ఆ మాట తెచ్చి మా ఆయన ముందు పెట్టి, ఇదిగో నీ ఇత్తడి చీల చేసిన పుణ్యం అన్నాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆ రాత్రి తినలేదు. అయినా మర్నాడు చీల అరిగిందని చూసి మళ్ళీ ఇత్తడితోనే కొత్తది చేసుకున్నాడు. మేమిద్దరం దాని మీద పోట్లాడినంతగా ఇంక దేని మీదా పోట్లాడలేదు. ముసలివాళ్ళమయ్యాక కూడా, లారీ తుక్కుకు పోయాక కూడా, ఏ మధ్యాహ్నమో ఏమీ తోచకపోతే నేను ఆ సంగతి ఎత్తేదాన్ని, ఆయన అదే జవాబు చెప్పేవాడు.

ఇప్పుడు ఆ వాకిలి లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ప్రహరీ, కమాను, కొట్టం అన్నీ పోయాయి. ఈ కాలం పిల్లలు నోటితో తప్ప కొట్టుకోవడం నేను చూడలేదు, అది మంచిదే. మా యారాలు పోయింది, అత్తమ్మ, మేనమామ, బావ ఎప్పుడో పోయారు, మా ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. కాలమంతా మారింది, నా కోపం ఒక్కటీ మారలేదనే అనుకుంటూ వచ్చాను. ఎదుట మనిషి లేకపోయినా ఆ పోట్లాట మానలేక, నా మాటా ఆయన మాటా నేనే అనుకుంటూ కూర్చుంటాను. నా తరఫున మొదట్లో చాలా గట్టిగా మాట్లాడేదాన్ని, జీతగాడి పళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆయన నోరు మూతపడేది. కిందటి వానకాలం నుంచి ఎందుకో అక్కడికొచ్చినా ఆయన నోరు మూతపడటం లేదు, ఎవనిదైన గంతే అని అదే మాట మళ్ళీ అంటున్నాడు, నాకే జవాబు దొరకడం లేదు. గెలుస్తున్నాడు. గెలిచిన ఆ ముఖం ఎదురుగా పెట్టుకుని ఇంకాస్త తిట్టే యోగం మాత్రం నాకు లేకుండా పోయింది.